చంకలో బిడ్డ, ఊరంతా వెదుకులాట

చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెదికినట్లు అనే సామెతను మన పెద్దలు ఎవరిని చూసి పుట్టించారో గాని, 2024 జూలై నెలలో అది అక్షరాలా నాకే వర్తించింది. మన సంస్థ విద్యుత్ నిర్వహణ విభాగంలో అప్పటికి ఇరవై తొమ్మిది సంవత్సరాలుగా పనిచేస్తూ, లోపాలను కనిపెట్టడమే వృత్తిగా బ్రతికినవాణ్ణి. అటువంటి నేను ఒక ఇంటి ఇంటర్నెట్‌లోని లోపాన్ని కనిపెట్టడానికి మూడు రోజులు తీసుకొన్నాను. ఆ మూడు రోజులూ ఒక ఆడపిల్ల చదువు, ఒక కుర్రవాని జీతం నా పొరపాటు మీద ఆధారపడి ఊగిసలాడాయి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నా, సహోద్యోగులకూ వారి పిల్లలకూ కొంతైనా ఉపయోగపడవచ్చుననే ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా చెల్లెలి అత్తవారి ఊరు దోర్నపాల్. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, బస్తరు సీమ దక్షిణ భాగాన, సుక్మా జిల్లాలో ఉన్నది. భద్రాచలం నుండి చింతూరు, కోంటల మీదుగా జగదల్‌పూరు వెళ్ళే జాతీయ రహదారి మీద, కోంటకూ సుక్మాకూ ఇంచుమించు మధ్యలో వస్తుంది. ఊరికి తూర్పుగా శబరి నది, దానికి ఆవల ఒడిశాలోని మల్కనగిరి జిల్లా. రైలు మార్గం లేదు. సంతరోజున బజారులో నిలబడితే హిందీ, హల్బీ, గోండి, దోర్ల, ఒరియా, తెలుగు మాటలు ఒకదానితో ఒకటి కలిసిపోయి వినిపిస్తాయి. తునికాకు, చింతపండు, ఇప్పపువ్వు వ్యాపారాలతో తెలుగువారికి ఆ ప్రాంతంతో అనుబంధం పాతదే. మా బావగారి తండ్రిగారు అక్కడ కిరాణా దుకాణం పెట్టి స్థిరపడ్డారు. 2005 తరువాత ఆ ప్రాంతం చాలా కష్టకాలం చూసింది. చుట్టుపక్కల పల్లెల ప్రజలు ఇళ్ళూ పొలాలూ వదలి దోర్నపాల్ శిబిరాలలో తలదాచుకొన్నారు. ఆ రోజులలో చెల్లెలి క్షేమసమాచారం తెలియడానికి మా అమ్మ ఫోను ప్రక్కనే కూర్చొని గంటలు గడిపేది.

అటువంటి ఊరికి ఇంటర్నెట్ రావడం నాకు వింతగానే తోచింది. నేను ఉద్యోగంలో చేరిన 1995వ సంవత్సరంలోనే, ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ వారు మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ సేవను ఆరంభించారు. ఆనాడు టెలిఫోను తీగ మీద మోడెము కూతలు పెడుతూ ఒక్కొక్క అక్షరాన్ని మోసుకొని వచ్చేది. ఆ తరువాత 2011లో గ్రామ పంచాయతీలను గాజు తంతువులతో కలిపే జాతీయ పథకానికి ఆమోదం లభించింది. 2018 ఏప్రిల్‌లో బస్తర్ ఇంటర్నెట్ పథకం తొలి దశ ఆరంభమైంది. పెద్ద దారి ఊరి వరకు వస్తే సందులలోనికి చేర్చేవారు ఎవరో ఒకరు ఉంటారు గదా! దోర్నపాల్‌లో ఆ పని టీవీ ప్రసారాలు ఇచ్చే కేబుల్ ఆయన చేపట్టాడు. స్తంభాల మీదుగా సన్నని ఫైబర్ తీగ లాగి ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చాడు. మా బావగారు కూడా కుమార్తె చదువు కోసం తీసుకొన్నారు.

2024 సంక్రాంతికి సెలవు పెట్టి వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో కంప్యూటరు అమర్చినది నేనే. అప్పుడు ఏదో చిన్న ఇబ్బంది వస్తే పది నిమిషాలలో సరిచేశాను. “ఇంజనీరు ఇంట్లో ఉంటే ఆ ధీమాయే వేరు” అని బావగారు మెచ్చుకొంటే, పైకి చిరునవ్వు నవ్వి లోపల పొంగిపోయాను. ఈ కథకు బీజం అక్కడే పడిందని నాకు తెలియదు.

మరల జూలైలో వెళ్ళాను. మా మేనకోడలు పన్నెండవ తరగతి ముగించి, ఆ రాష్ట్రంలో జరిగే ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష వ్రాసి, మంచి ర్యాంకు తెచ్చుకొన్నది. ఏ కళాశాల, ఏ శాఖ కావాలో వరుసగా నమోదు చేయడానికి సోమవారం సాయంత్రం వరకు గడువు. ఆ పట్టిక దగ్గరుండి చేయించడానికే నేను గురువారం నాటికి చేరుకొన్నాను. ఆ రాత్రే గాలివాన. బస్తరు అడవుల మీద విరుచుకుపడే ఉరుములను వినని వారికి చెప్పి నమ్మించడం కష్టం. ఒక పిడుగు ఎక్కడో దగ్గరలోనే పడింది. దీపాలు ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోయాయి. తెల్లవారి చూస్తే ఇంట్లోని రౌటరు మాడి వాసన కొడుతోంది. వీధిలో వేపకొమ్మ విరిగి కేబుల్ మీద పడింది.

శుక్రవారం ఉదయం లైన్ చూసే కుర్రవాడు వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో. దోర్ల తెగకు చెందినవాడు. పసితనంలో తల్లిదండ్రులతో శిబిరానికి వచ్చి, ఆ ఊళ్ళోనే పెరిగి, కేబుల్ పని నేర్చుకొన్నాడు. వానలో తడుస్తూనే తెగిన ఫైబర్ అతికాడు. చేతిలోని మీటరు చూపించి, “మైనస్ పంతొమ్మిది వచ్చింది సార్, వెలుగు బాగుంది” అన్నాడు. మాడిపోయిన రౌటరు బదులు తన సంచిలోని పాత డబ్బా ఒకటి తాత్కాలికంగా బిగించాడు. దానికి వై-ఫై లేదు, తీగతో మాత్రమే పనిచేస్తుంది. పచ్చదీపాలన్నీ వెలిగాయి. కాని కంప్యూటరులో మాత్రం ఇంటర్నెట్ రాలేదు.

అప్పుడతడు వినయంగా, “సార్, కంప్యూటరులో సెట్టింగులేమైనా మార్చారా?” అని అడిగాడు.

“అబ్బాయీ, నేను ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. కంప్యూటరులో ఏ లోపమూ లేదు. నీ లైను చూసుకో” అన్నాను. ఆ మాటను తలచుకొన్నప్పుడెల్లా ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అతడు మరి మాట్లాడలేదు. మళ్ళీ స్తంభమెక్కాడు. సాయంత్రానికి కూడా ఫలితం లేకపోవడంతో నేను కేబుల్ ఆఫీసుకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించాను. “మీ మనిషికి పని రాదు” అని కూడా అన్నాను. శనివారం అతడు మళ్ళీ వచ్చి అతుకు విప్పి మరల వేశాడు. ఆదివారం మూడవసారి వచ్చి డబ్బా నుండి కంప్యూటరుకు ఉన్న తీగను మార్చాడు. పోయేటప్పుడు గుమ్మం దగ్గర మా బావగారితో మెల్లగా ఏదో చెప్పాడు. ఆ మూడు రోజుల కూలీ ఓనరు పట్టుకొంటానన్నాడట.

ఈలోగా నేను కూడా ఊరికే కూర్చోలేదు. కంప్యూటరులో నెట్‌వర్క్ తీగ గుచ్చే చోట ఉండే భాగాన్ని నెట్‌వర్క్ ఎడాప్టరు అంటారు. దాని సెట్టింగులలోని లోతైన పొరలన్నీ తిరగవేశాను. వేగం స్థిరంగా ఉండాలా, ఆటోలో ఉండాలా అని 10, 100, 1000 మెగాబిట్లకు మార్చి మార్చి చూసి, చివరికి ఆటోలోనే పెట్టాను. కరెంటు పొదుపు కోసం ఎడాప్టరును కంప్యూటరే ఆపివేయడానికి అనుమతించే గడిలో టిక్కు తీసివేశాను. ఎడాప్టరును ఆపి మళ్ళీ ఆన్ చేశాను. సెల్ టవరు ఆ గాలివానకు దెబ్బతిని, సిగ్నలు వచ్చీ రానట్లు ఉన్నది. ఫోనులో కౌన్సెలింగ్ పేజీ సగం తెరచుకొని ఆగిపోతున్నది. కోంట దిగువన శబరి ఎగదన్ని రహదారి మీదికి నీరు వచ్చిందన్నారు. ఇక మిగిలినది సుక్మా వైపే. సోమవారం తెల్లవారుజామున మోటారు సైకిలు మీద తండ్రీ కూతుళ్ళు సుక్మా వెళ్ళాలని నిశ్చయించారు. వాన మాత్రం తగ్గలేదు.

ఆదివారం రాత్రి పదిన్నర దాటింది. మేనకోడలు నా ప్రక్కన కుర్చీలో కూర్చొని, నిద్రమత్తులోనే అడిగింది: “మామయ్యా, మీ ప్లాంటులో ఏదైనా ఆగిపోతే మొట్టమొదట ఏం చూస్తారు?”

నాకు తెలిసిన జవాబే గదా అని ఉత్సాహంగా చెప్పబోయాను. “మొదట మన దగ్గర మొదలుపెట్టాలమ్మా. మోటారు తిరగకపోతే సబ్‌స్టేషను దాకా పరుగెత్తకూడదు. ప్యానెల్లో చూడాలి, తరువాత కేబులు, తరువాత...” అంటూ అక్కడే ఆగిపోయాను. మూడు రోజులుగా నేను చేసినది దానికి సరిగా తలక్రిందులు. మా ప్యానెల్‌ను వదలి ఊరి స్తంభాలను అనుమానించాను.

“సరే, ఇప్పుడు ఆ వరుసలోనే చూద్దాం” అని కంప్యూటరు ముందు కూర్చొన్నాను.

ఇక్కడ పాఠకులకు కొంచెం వివరించాలి. ఇంటర్నెట్‌తో మాట్లాడే ప్రతి కంప్యూటరుకూ ఒక చిరునామా ఉండాలి. సాధారణంగా ఇంట్లోని రౌటరే ఆ చిరునామాను కేటాయిస్తుంది. మన టౌన్‌షిప్పులో ఎస్టేట్ విభాగం వారు కొత్తగా వచ్చిన ఉద్యోగికి క్వార్టరు కేటాయించినట్లే. కంప్యూటరు ఆన్ కాగానే “నాకొక క్వార్టరు ఇప్పించండి” అని దరఖాస్తు పెడుతుంది. రౌటరు ఖాళీగా ఉన్న ఒక నంబరును కొంత గడువు వరకు ఇస్తుంది. ఎవరూ జవాబు ఇవ్వకపోతే కంప్యూటరు తనకు తానే 169.254తో మొదలయ్యే ఒక నంబరు పెట్టుకొంటుంది. క్వార్టరు దొరకని ఉద్యోగి చెట్టు క్రింద గుడిసె వేసుకొన్నాడనుకోవచ్చు. ఆ నంబరు కనిపిస్తే దరఖాస్తు రౌటరు దాకా చేరలేదని గాని, రౌటరు పలకలేదని గాని గ్రహించాలి. అప్పుడు తీగనూ రౌటరునూ చూడాలి.

ఇందుకు భిన్నంగా మూడవ మార్గం ఒకటి ఉన్నది. కేటాయింపుతో పని లేకుండా మనమే ఎడాప్టరులో ఒక నంబరు వ్రాసిపెట్టవచ్చు. ఎస్టేటు వారిని అడగకుండా ఒక క్వార్టరు మీద మన పేరు బోర్డు తగిలించుకోవడం వంటిది ఇది. ఆ వీధి ఉన్నంత కాలం ఇబ్బంది లేదు. వీధి మారితే ఆ బోర్డు ఎవరికీ పనికి రాదు.

నల్లని తెర తెరచి, ఎడాప్టరు వివరాలు చూపించే ఆదేశం ఇచ్చాను. 169.254 కనిపిస్తుందనుకొన్నాను. కనిపించలేదు. తెర మీద ఉన్న అంకె 192.168.1.47.

నలభై ఏడు! టౌన్‌షిప్పులో నా క్వార్టరు నంబరు అది. ప్రపంచంలో ఏ రౌటరూ దానిని ఏరి కోరి ఇవ్వనక్కరలేదు. ఆ అంకెను అక్కడ వ్రాయగలవాణ్ణి నేనొక్కణ్ణే.

సంక్రాంతినాటి పది నిమిషాల మరమ్మతు అప్పుడు కళ్ళ ముందు కదిలింది. ఆనాడు రౌటరు చిరునామా కేటాయించడంలో అప్పుడప్పుడు మొరాయించేది. ఎందుకు మొరాయిస్తున్నదో చూసే ఓపిక లేక, నేనే స్థిరమైన నంబరు ఒకటి వ్రాసి, గుర్తుండడానికి క్వార్టరు నంబరు వాడి, కాఫీ త్రాగి లేచాను. గుర్తుండడానికే పెట్టుకొన్న నంబరు! ఆరు నెలలలో పూర్తిగా మరచిపోయాను. పాత రౌటరు లోపలి వీధి 192.168.1. కుర్రవాడు బిగించిన డబ్బా లోపలి వీధి 192.168.0. మా కంప్యూటరు మాత్రం కూలిపోయిన వీధి పేరును నుదుట వ్రాసుకొని, లేని ద్వారాన్ని మూడు రోజులుగా తడుతూ కూర్చొన్నది. తీగ బాగానే ఉన్నది కనుక పచ్చదీపం వెలుగుతూనే ఉన్నది.

అయినా మెట్టు మెట్టుగా నిర్ధారించుకోవాలని పింగ్ చేసి చూశాను. 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ ఇంజనీరు వ్రాసిన చిన్న ప్రోగ్రాము ఇది. జలాంతర్గాములను వెదికే సోనార్ ధ్వనిని బట్టి దానికి ఆ పేరు పెట్టాడు. ఒక చిరునామాను పిలిచి, బదులు వచ్చేదాకా పట్టిన కాలాన్ని చెబుతుంది. మొదట 127.0.0.1ని పిలిచాను. అది కంప్యూటరు తనను తాను పిలుచుకోవడం. పలికింది. తరువాత 47ను పిలిచాను. పలికింది. ఆ తరువాత పాత రౌటరు ద్వారాన్ని పిలిచాను. గమ్యం చేరలేకపోతున్నామని జవాబు. లోపం ఎక్కడున్నదో ఇక చెప్పనక్కరలేదు.

ఎడాప్టరు సెట్టింగులలో ఐ.పి. నాల్గవ వెర్షను అనే వరుస తెరచి, చిరునామాను తనంతట తానే పొందే పద్ధతికి మార్చాను. పేర్లను అంకెలలోకి మార్చే సర్వరు చిరునామా కూడా నేనే వ్రాసి ఉన్నాను. దానినీ అదే విధంగా మార్చాను. ఒక్క క్షణంలో కొత్త చిరునామా వచ్చింది. రౌటరు పలికింది. బయటి ప్రపంచం పలికింది. మూడు రోజుల వ్యధకు విరుగుడు రెండు టిక్కులు. మేనకోడలు చప్పట్లు కొట్టింది. నేను మాత్రం తల ఎత్తలేకపోయాను. అర్ధరాత్రి దాటేలోగా ఆ పిల్ల తన ఐచ్ఛికాలన్నీ నమోదు చేసి ముగించింది. సుక్మా ప్రయాణం ఆగిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలోని ఒక రాత్రి షిఫ్టు జ్ఞాపకం వచ్చింది. ఒక గేటు మూసుకోవలసినప్పుడు మూసుకోవడం లేదు. రాత్రంతా డ్రాయింగు పరచుకొని ఒక్కొక్క టెర్మినలూ కొలుచుకొంటూ వెళ్ళాను. తెల్లవారుతుండగా ప్యానెల్ వెనుక ఒక లిమిట్ స్విచ్చిని దాటవేస్తూ బిగించిన జానెడు జంపర్ తీగ కనిపించింది. అంతకు ముందెవరో పని ఆగకూడదని తాత్కాలికంగా పెట్టారు. లాగ్ పుస్తకంలో వ్రాయలేదు. నేను నా షిఫ్టులో ఎన్నడూ వ్రాయని జంపరు పెట్టను అని ఆ ఉదయం ఒట్టు పెట్టుకొన్నాను. ప్లాంటులో ఆ ఒట్టు నిలబెట్టుకొన్నాను. చెల్లెలి ఇంటికి వెళ్ళేసరికి అది ఇల్లే గదా, లాగ్ పుస్తకం ఎందుకనుకొన్నాను. జంపరు ఎక్కడ పెట్టినా జంపరే. అది తీగ కాకుండా అంకె అయినంత మాత్రాన దాని స్వభావం మారదు.

సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు కేబుల్ ఆఫీసుకు వెళ్ళాను. ఆ కుర్రవాడు నిచ్చెన భుజాన వేసుకొని బయలుదేరబోతున్నాడు. నన్ను చూడగానే మొగం వాడిపోయింది. నాలుగవ ఫిర్యాదు అనుకొన్నాడు కాబోలు. ఓనరు ముందు, అక్కడున్న మిగిలినవారి ముందు, లోపం నాదేనని చెప్పాను. ఆయన నవ్వి, “పోనీలెండి సార్, పనిచేస్తున్నది గదా” అన్నాడు. నేను ఊరుకోలేదు. ఫిర్యాదుల రిజిస్టరు తెప్పించి, నా ఫిర్యాదు ఎదుట, “లోపం లైనులో లేదు. వినియోగదారుని కంప్యూటరులో ఉన్నది. మీ మనిషి మొదటి రోజే పని సరిగా పూర్తిచేశాడు” అని నా చేతితో వ్రాసి సంతకం పెట్టాను. మూడు రోజుల కూలీ పట్టుకోవద్దని కోరాను. ఆయన ఒప్పుకొన్నాడు.

బయటికి వచ్చిన తరువాత కుర్రవానితో, “నాయనా, మొదటి రోజే నీవు సరిగా అడిగావు. గట్టిగా ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

“మీరు పెద్ద ఇంజనీరు గదా సార్. మీకు తెలియకుండా ఉంటుందా అనుకొన్నాను. నా అతుకులోనే తప్పుందేమో అని రాత్రి కూడా అదే ఆలోచించాను” అన్నాడు.

నాకు జవాబు దొరకలేదు. పని తెలిసిన ఒక మనిషికి తన పని మీదనే అనుమానం కలిగేటట్లు చేశాను. కూలీ డబ్బులు తిరిగి ఇప్పించవచ్చు గాని, ఆ మూడు రాత్రుల నిద్ర ఎవరు తిరిగి ఇవ్వగలరు? మన షాపులలో కూడా ఖలాసీ, హెల్పర్, కాంట్రాక్టు కార్మికుడు ఎవరో ఒకరు, “సార్, అక్కడ ఒకసారి చూస్తే...” అని సగంలో ఆపిన మాటలు ఎన్ని ఉంటాయో! ఎన్ని సార్లు ఆ సగం మాటలోనే జవాబు ఉన్నదో!

మీ ఇంట్లో ఇటువంటి ఇబ్బంది వస్తే ఈ వరుస పాటించవలసినదిగా మనవి. మొదట రౌటరునూ కంప్యూటరునూ ఒకసారి ఆపి, కొద్ది నిమిషాల తరువాత ఆన్ చేయండి. తీగ రెండు కొనలూ గట్టిగా కూర్చున్నవో లేదో చూడండి. తరువాత ఎడాప్టరు చిరునామా చూడండి. 169.254తో మొదలైతే తీగనూ రౌటరునూ అనుమానించండి. చిరునామా మామూలుగానే ఉన్నా, దాని మొదటి మూడు భాగాలు రౌటరు చిరునామాతో సరిపోకపోతే, ఎవరో స్థిరంగా వ్రాసిపెట్టారని గ్రహించండి. ఆ ఎవరో మీరే కావచ్చు. రౌటరు పలికి బయటి అంకె పలకకపోతే అప్పుడు కేబుల్ వారికి ఫోను చేయండి. అంకె పలికి పేరు పలకకపోతే పేర్ల సర్వరు సెట్టింగు చూడండి. ఏది మార్చినా, మార్చకముందు ఏమున్నదో ఒక కాగితం మీద వ్రాసుకొని గాని ముట్టుకోకండి.

మా మేనకోడలు ఇప్పుడు జగదల్‌పూరు ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలో విద్యుత్ శాఖలో చదువుకొంటున్నది. దోర్నపాల్‌లోని ఆ కంప్యూటరు ప్రక్కన ఒక చిన్న అట్ట వ్రేలాడుతూ ఉంటుంది. తేదీ, మార్చినది, కారణం, మార్చినవారు అని నాలుగు గడులు గీసి తగిలించి వచ్చాను. మొదటి వరుసలో సంక్రాంతినాటి నా నిర్వాకాన్ని నేనే వ్రాశాను. రెండవ వరుసలో దానిని సరిచేసిన వివరం ఉన్నది. మూడవ వరుస దసరాకు వెళ్ళినప్పుడు చూశాను. కొత్త రౌటరు అమర్చిన తేదీ, దాని లోపలి వీధి నంబరు చక్కని హిందీ అక్షరాలలో వ్రాసి ఉన్నాయి. క్రింద ఆ కుర్రవాని సంతకం. ఎవరూ చెప్పకుండానే వ్రాశాడట.